డిగ్రీలో కోడింగ్ థియరీ, క్రిప్టాలజీ కలిపి ఒకే పేపర్: ఏది ముందు చెప్పాలి?

రింగు_మేడమ్
అందరికీ నమస్కారం. వచ్చే సెమిస్టర్‌లో మా డిగ్రీ కాలేజీ ఫైనలియర్ మ్యాథ్స్ పిల్లలకి కోడింగ్ థియరీ (పంపిన సమాచారంలో దొర్లిన తప్పులు పట్టి దిద్దే లెక్కలు), క్రిప్టాలజీ (రహస్యంగా రాయడం, దాన్ని పగలగొట్టడం) కలిపి ఒక ఎలెక్టివ్ పెట్టారు. డిపార్ట్‌మెంట్లో మిగతావాళ్ళు తెలివిగా తప్పుకున్నారు, పేపర్ నా మెడకి చుట్టుకుంది. పిల్లలకి గ్రూపులు, రింగులు, లీనియర్ ఆల్జీబ్రా అయిపోయాయి. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళు కొద్దిమందే.

సిలబస్ వరస ఇది: సీజర్, విజెనేర్, డీఈఎస్, ఏఈఎస్, ఆర్‌ఎస్‌ఏ, ఇవన్నీ రహస్యంగా రాసే పద్ధతులు, ఆఖర్న రెండు యూనిట్లు తప్పులు దిద్దే హామింగ్ కోడ్, సైక్లిక్ కోడ్‌లు. ఈ లెక్కన కోడింగ్ దగ్గరికొచ్చేసరికి ప్రాక్టికల్స్, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, ఇన్విజిలేషన్ డ్యూటీలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. వరస తిరగేసి కోడింగ్‌తోనే మొదలెడితే ఎలా ఉంటుంది? రెండూ చెప్పినవాళ్ళుంటే చెప్పండి.

సున్నా_ఒకటి
తిరగేయండి మేడమ్, సందేహమే వద్దు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో చెబుతాను. మొదటి క్లాసులో బోర్డు మీద ఒక్క నిర్వచనం కూడా రాయను. ఎవరో ఒకర్ని లేపి 0 నుంచి 15 లోపు ఒక సంఖ్య మనసులో అనుకోమంటాను. ఏడు చీటీలు చూపిస్తాను, ఒక్కోదాని మీద ఎనిమిది సంఖ్యలుంటాయి. "నీ సంఖ్య ఇందులో ఉందా?" అంతే ప్రశ్న. ఏడింటిలో ఒక్కసారి అబద్ధం ఆడొచ్చు, ఆడకపోయినా సరే.

చీటీల తయారీ: 3, 5, 6, 7 చీటీల మీద వరసగా 8, 4, 2, 1 బిట్లు ఉన్న సంఖ్యలు రాయండి. 1వ చీటీ 3, 5, 7ల పేరిటీ, అంటే ఆ మూడింటిలో బేసిసార్లు వచ్చే సంఖ్యలు. 2వది 3, 6, 7లకు, 4వది 5, 6, 7లకు.

ఒకమ్మాయి ఇచ్చిన జవాబులు చూడండి: అవును, కాదు, అవును, అవును, కాదు, అవును, అవును. "అవును" పడిన స్థానాలు 1, 3, 4, 6, 7. వీటిని బైనరీలో ఎక్సార్ చేస్తే (ఒక్కో బిట్ స్థానంలో 1లు బేసిసార్లు వస్తే 1, లేకపోతే 0) 7 వస్తుంది. అంటే ఏడో జవాబు అబద్ధం. దాన్ని "కాదు" చేస్తే 3, 5, 6, 7 స్థానాల్లో 1, 0, 1, 0. సంఖ్య 10. నోటిలెక్కే. ఆ అమ్మాయి మొహం చూశాక, 1950లో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ రాసింది ఇదేనని చెబితే ఇక ఎవరూ వెనక బెంచీలో ఫోన్ చూడరు.

బ్యాక్‌లాగ్_బాబు
సార్, ఇలా చెప్పుంటే నాకు సీఎన్ఎస్ (క్రిప్టోగ్రఫీ, నెట్‌వర్క్ సెక్యూరిటీ పేపర్) పోయేది కాదు. మాకు డీఈఎస్ 16 రౌండ్ల బొమ్మ వేయించారు. బొమ్మకి మార్కులు, బాణాలకి మార్కులు. అందులో ఎస్-బాక్స్ అనే పట్టికలో ఆ అంకెలే ఎందుకున్నాయని అడిగితే "ఆల్ ఇన్ వన్‌లో ఉన్నది రాయి" అన్నారు.

రింగు_మేడమ్
ఆట బావుంది సున్నా_ఒకటి గారూ. కానీ రెండు అబద్ధాలాడితే? మా పిల్లలు కచ్చితంగా ఆడతారు.

సున్నా_ఒకటి
ఆడనివ్వండి, అదే రెండో క్లాసు! రెండు చోట్ల తప్పితే ఎక్సార్ ఏ పాపమూ ఎరగని మూడో స్థానాన్ని చూపిస్తుంది, మనం ధీమాగా తప్పు సంఖ్య చెబుతాం, క్లాసంతా గొల్లుమంటుంది. అప్పుడు ఎనిమిదో చీటీ కలపండి, మొత్తానికి పేరిటీ. ఇప్పుడు రెండు అబద్ధాలున్నాయని పట్టుకోగలం, ఎక్కడున్నాయో మాత్రం చెప్పలేం. కనిష్ఠ దూరం (అబద్ధం లేని ఏ రెండు జవాబు వరసలకైనా కనీసం ఎన్ని చోట్ల తేడా ఉంటుందో అది) 3కి, 4కి తేడా ఏమిటో పిల్లలే చెప్పేస్తారు.

ఇంకోటి, ఇక్కడే లెక్క పెట్టించండి. కోడ్ పదాలు, అంటే ఏడు చీటీలకి అబద్ధం లేని జవాబు వరసలు, 16. ఒక్కోదాని చుట్టూ ఒక్క తప్పు దూరంలో ఏడు, తనతో కలిపి 8. పదహారెనిమిదులు 128, అంటే సరిగ్గా 2 ఘాతం 7. ఒక్క పదం కూడా మిగలదు. పర్‌ఫెక్ట్ కోడ్ అనే మాట అప్పుడు వాడితే అర్థమవుతుంది.

ఓరుగల్లు_గణితం
హామింగ్ కంటే ముందు ఒక మెట్టుంది, చెక్ డిజిట్, అంటే నంబరుల తప్పు పడ్డదా చూసేందుకు చివర పెట్టే అంకె. అది వదిలిపెట్టకండి మేడమ్. మా పిల్లలు గ్రూప్ థియరీ అయినంక అడిగే మొట్టమొదటి ప్రశ్న: "సార్, నాన్ అబీలియన్ గ్రూపు ఎక్కడ పనికొస్తది?" జవాబు వాళ్ళ జేబులనే ఉంది. ఆధార్ ఆఖరి అంకె వెర్‌హోఫ్ పద్ధతిది, 1969 నాటిది. దాని లోపల ఉన్నది డీ5, పంచభుజి సౌష్ఠవాల గ్రూపు, 10 మూలకాలు, కమ్యూటేటివ్ కాదు.

మాడ్యులో 10 (10తో భాగించి శేషం చూసుడు) ఉండంగ ఇంత తిప్పలెందుకు అంటే, అక్కడే మంచి రుజువుంది. టైపు చేసేటోళ్ళు ఎక్కువ చేసే తప్పులు రెండు: ఒక అంకె మార్చెయ్యడం, పక్కపక్క అంకెలు తారుమారు చెయ్యడం. మాడ్యులో 10లో రెంటినీ పూర్తిగ పట్టుకునే పద్ధతి ఉందనుకుందాం. పక్కపక్క స్థానాల్లో అంకెల్ని మార్చే ప్రమేయాలు ఎఫ్, జి. ఒక అంకె మారితే పట్టాలంటే రెండూ పర్మ్యుటేషన్లు కావాలె. తారుమారు పట్టాలంటే "ఎఫ్ తీసివేత జి" కూడ పర్మ్యుటేషన్ కావాలె. 0 నుంచి 9 మొత్తం 45, మాడ్యులో 10లో 5. కాబట్టి తేడాల మొత్తం 5 రావాలె. కానీ ఎఫ్ విలువల మొత్తంలోంచి జి విలువల మొత్తం తీస్తే 45లోంచి 45 పోయి సున్నా. 5, 0 సమానమైతయా? కావు. పద్ధతే లేదు. రెండు నిమిషాల రుజువు, పిల్లలు ఇంటికి పోయి కూడ చెప్పుకుంటరు.

అందుకే పాత ఐఎస్‌బీఎన్ (పుస్తకాల మీదుండే నంబరు) మాడ్యులో 11 పట్టుకుంది, చెక్ డిజిట్ 10 వస్తే రాసేందుకు "ఎక్స్" అక్షరం పెట్టుకుంది. 2007 నుంచి వచ్చిన 13 అంకెల ఐఎస్‌బీఎన్ 1, 3 బరువులతో మాడ్యులో 10కి పోయింది, తారుమారులో కొన్ని వదిలేస్తది. లైబ్రరీల ఏదన్న పుస్తకం తీసి 2, 7 పక్కపక్కన ఉన్న చోట అటుదిటు చేయించండి. చెక్ డిజిట్ మారదు, తేడా 5 కాబట్టి. డెబిట్ కార్డు లూన్ పద్ధతి 09ని 90 చేస్తే గుర్తుపట్టదు. ఎవడు ఎంత కష్టపడ్డా మాడ్యులో 10 ఆ 5 దగ్గర ఆగాల్సిందే.

కీలకం
ఈ రుజువు నేను ఎక్కడా వినలేదు, చాలా బావుంది. ఒక్క హెచ్చరిక: పిల్లల ఆధార్ నంబర్లు బోర్డు మీద రాయించకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టించకండి. ఏవో 11 అంకెలు కల్పించి పన్నెండోది లెక్కగట్టమంటే చాలు. 0తోనో 1తోనో మొదలుపెట్టించండి, అసలు ఆధార్ నంబర్లు అలా మొదలవవు.

గోదారిగట్టు
అందరూ కోడింగ్ ముందు అంటున్నారు, నేను ఒప్పుకోను. రిటైరయ్యేదాకా డిగ్రీ పిల్లలకి చెప్పినవాణ్ణి. పిల్లలు ఈ పేపర్ తీసుకునేది రహస్యాల కోసం. "సార్, వాట్సాప్ మెసేజ్ మధ్యలో ఎవరైనా చదవగలరా?" అని అడిగే కుర్రాడికి నువ్వు మొదటి నెలంతా పేరిటీ చెక్ మాట్రిక్స్ చెబితే ఎలెక్టివ్ మార్చేసుకుంటాడు. విజెనేర్ (ఒక కీ మాటని తిప్పి తిప్పి వాడి అక్షరాలు జరిపే పద్ధతి) పగలగొట్టించు, ఆ కిక్కు ఎక్కనివ్వు, తర్వాత ఏం చెప్పినా వింటాడు.

సున్నా_ఒకటి
మాష్టారూ, కిక్కు నిజమే. కానీ విజెనేర్ తర్వాత డీఈఎస్ వస్తుంది, అక్కడ రుజువు చెయ్యడానికి డిగ్రీ పిల్లాడికి ఏమీ దొరకదు. పట్టికలే. ఆర్‌ఎస్‌ఏ దాకా ఎడారి. కోడింగ్‌లో మొదటి వారం నుంచే సొంతంగా రుజువులు చేస్తారు. పైగా ఏఈఎస్ చెప్పాలంటే 256 మూలకాల ఫీల్డు (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అన్నీ చెల్లే సమితి) కావాలి కదా, అది కోడింగ్ వైపు నుంచి వస్తే రీడ్–సాలమన్ అనే తప్పులు దిద్దే కోడ్‌తో కలిపి ఒకే దెబ్బకి అయిపోతుంది. చాయ్ బండి మీద యూపీఐ స్టిక్కర్ మూల చిరిగినా స్కాన్ అవుతుందంటే ఆ ఫీల్డు మీద చేసిన లెక్కల వల్లే. క్యూఆర్‌లో అన్నిటికంటే గట్టి స్థాయి దాదాపు 30 శాతం పాడైనా కోలుకుంటుంది.

అచ్చుతప్పు
గోదారిగట్టు మాష్టారి మాటకి నా ఓటు, కానీ ఇంగ్లీషు ముక్కలు కాకుండా తెలుగు వాక్యాలు ఇచ్చి చూడండి. ఫాంట్ల పని చేస్తాను కాబట్టి చెబుతున్నా. కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఉండే యూనికోడ్ సంఖ్యలకి సీజర్‌లా 3 కలిపితే "రాముడు" కాస్తా "ళుఱౄతౄ" అవుతాడు. ర ళ అయింది, ఆత్వం ఉత్వమైంది, మ ఱ అయింది. "సీత" గతి ఇంకా ఘోరం, స తర్వాత మూడో గడిలో అక్షరమే లేదు, తెర మీద డబ్బా వస్తుంది.

ఇక అసలు సంగతి. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఏదైనా సరే యూటీఎఫ్-8లో (ఆ సంఖ్యల్ని బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177. "అ" అంటే 224, 176, 133. "క" అంటే 224, 176, 149. ఇప్పుడు పిల్లలు నాలుగు బైట్ల పాస్‌వర్డ్‌ని తిప్పి తిప్పి వాడి ఎక్సార్ చేసి "సార్, లాక్ చేశా" అంటారు. ప్రతి మూడో బైటు కింద 224 ఉందని నాకు ముందే తెలుసు. దాన్ని 224తో ఎక్సార్ చేస్తే కీ బైటు ఊడి చేతిలోకి వస్తుంది. 0, 3, 6, 9 స్థానాలు నాలుగు బైట్ల కీలో 0, 3, 2, 1 దగ్గర పడతాయి. నాలుగంటే నాలుగు యూనికోడ్ గుర్తులు, కీ మొత్తం బయటికి. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే పనే లేదు. కీ పొడవు 3 అయితే ఏమవుతుందో మీ పిల్లలకి హోంవర్క్ ఇవ్వండి.

రింగు_మేడమ్
ళుఱౄతౄ! రేపు స్టాఫ్ రూములో ఇదే చెబుతాను. ఎక్సార్‌ది ల్యాబ్‌కి సరిపోతుంది.

తాళపత్రం
నేను తెలుగు మాష్టార్ని, లెక్కలంటే ఆమడ దూరం. అమ్మాయి ఈ చర్చ చూపించింది. మీరు "ఎక్కువ బిట్లు కలిపితే తప్పు దొరుకుతుంది" అంటుంటే మా పని గుర్తొచ్చింది. చెదలు తిన్న తాటాకు ప్రతిలో ఉత్పలమాల పాదం ఉందనుకోండి. 20 అక్షరాలు, భ ర న భ భ ర వ. నడుమ ఒక అక్షరం పోతే అది గురువో లఘువో గణమే చెబుతుంది. రెండో అక్షరం పోతే హల్లు ఏదో మిగతా మూడు పాదాల ప్రాస చెబుతుంది. పదోది పోతే మొదటి అక్షరంతో యతి చూసుకుంటాం. కవి అర్థానికి అవసరమైన దానికంటే ఎక్కువ కట్టుబాట్లు పెట్టుకున్నాడు కాబట్టే మనకి పాఠం దక్కింది. మీ శాస్త్రంలో దీన్నేమంటారు?

సున్నా_ఒకటి
మాష్టారూ, ఇది నేను రేపటి నుంచి క్లాసులో వాడుకుంటాను. చెద తిన్న చోట ఖాళీ కనబడుతుంది, ఎక్కడ పోయిందో తెలుసు. దీన్ని ఎరేజర్ అంటాం. లేఖకుడు "ప"ని "వ" అని రాసేస్తే ఖాళీ కనబడదు, ఎక్కడ తప్పిందో కూడా మనమే వెతకాలి. అది ఎర్రర్. కనిష్ఠ దూరం డి అయితే ఎరేజర్లు డి తీసివేత 1 దాకా పూరించగలం, ఎర్రర్లు మాత్రం దాదాపు అందులో సగమే. మన ఏడు చీటీల కోడ్‌లో ఏ రెండు జవాబులు వినబడకపోయినా సంఖ్య చెప్పొచ్చు. అబద్ధమైతే ఒక్కటే దిద్దగలం.

ఎర్రర్ దగ్గర మీ ప, వల మాటే చూడండి. రెండూ లఘువులే, గణం చెడదు. ప్రాస స్థానంలో పడితేనో యతి చెడితేనో దొరుకుతుంది, లేకపోతే తప్పించుకుంటుంది.

తాళపత్రం
తప్పించుకున్నవే పాఠాంతరాలై కూర్చుంటాయి నాయనా. వాటి మీద మేం దశాబ్దాలు పోట్లాడుకుంటాం.

కీలకం
ఆర్‌ఎస్‌ఏ గురించి నా గోడు. సెక్యూరిటీ టీముకి ఇంటర్వ్యూలు చేస్తుంటాను. "మెసేజ్ పవర్ ఈ, మాడ్ ఎన్" అని గడగడా అప్పజెబుతారు, అదే వాడేస్తే చాలనుకుంటారు. చెప్పండి, కానీ చెప్పిన గంటలోనే పగలగొట్టించండి.

ప్రధాన సంఖ్యలు పి 5, క్యూ 11, వాటి లబ్ధం ఎన్ 55, ఫై అంటే 4 పదులు 40, అందరికీ ఇచ్చే కీ ఈ 3, దాచుకునే కీ డి 27. మూడిరవయ్యేళ్ళు 81, 40తో భాగిస్తే శేషం 1, సరిపోయింది. ఒక కాంట్రాక్టరు టెండరు మొత్తం 7 అని పంపాడు. 7 ఘనం 343, 55తో శేషం 13. మధ్యలో కూర్చున్నవాడికి 7 తెలీదు, 27 తెలీదు. 13ని 2 ఘనంతో, అంటే 8తో గుణిస్తాడు. 104, శేషం 49. అది ముందుకు పంపుతాడు. అవతల ఆఫీసువాళ్ళు విప్పి చూస్తే 14! తాళం ముట్టుకోలేదు, టెండరు రెట్టింపైంది.

ఇంకోటి. రిజల్టు "పాస్" లేదా "ఫెయిల్" అని ఎన్‌క్రిప్ట్ చేసి పంపారనుకోండి. పబ్లిక్ కీ ఊరందరి దగ్గరా ఉంటుంది. ఆ రెండు మాటల్నీ తనే ఎన్‌క్రిప్ట్ చేసుకుని పోల్చి చూసుకుంటే అయిపోయె. ఈ రెండూ చేశాక ఓఏఈపీ ప్యాడింగ్ (ఎన్‌క్రిప్ట్ చేసేముందు మెసేజ్‌కి యాదృచ్ఛిక బిట్లు కలపడం) ఎందుకుందో వాళ్ళే అడుగుతారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ ఇచ్చిన సూత్రం అందమైనదే, కానీ సూత్రం వేరు, వాడకం వేరు.

గోదారిగట్టు
ఇది బావుంది. కానీ ఆయిలర్ సిద్ధాంతం రుజువు ఎగ్గొట్టి హ్యాకింగ్ ప్రదర్శన పెట్టకండి. నాకు భయం అదే. మెసేజ్‌కీ ఎన్‌కీ ఉమ్మడి కారణాంకం ఉంటే ఆయిలర్ పనిచెయ్యదు, అయినా ఆర్‌ఎస్‌ఏ పనిచేస్తుంది. ఎందుకు? చైనీస్ రిమైండర్‌తో రుజువు చేయించు. ఈ ఒక్క ప్రశ్నతో ఎవరు అర్థం చేసుకున్నారో ఎవరు బట్టీ పట్టారో తేలిపోతుంది.

తీరం_వైజాగ్
అందరూ అమెరికా పేర్లే చెబుతున్నారు. ఒకటి కంటే ఎక్కువ తప్పులు దిద్దగల బీసీహెచ్ కోడ్‌లలో బి బోస్‌ది, సి రాయ్-చౌధురిది. కలకత్తా చదువులు, 1960 పేపరు. ఫ్రాన్స్‌లో హాకెంగెమ్ 1959లోనే ఇచ్చాడు కాబట్టి హెచ్. ఇక మన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి. ఆర్. రావు గారి ఆర్తోగోనల్ ఎర్రేలు (ప్రయోగాలు ప్లాన్ చేసుకోవడానికి వాడే పట్టికలు) 1947 నాటివి. లీనియర్ కోడ్ డ్యువల్ తీసుకుంటే వచ్చేవి అవే. హామింగ్ హద్దులో (పైన పదహారెనిమిదుల లెక్క అదే) ఉన్న బైనామియల్ మొత్తమే రావు గారి హద్దులోనూ ఉంటుంది. స్టాటిస్టిక్స్ పిల్లలు కూడా క్లాసులో ఉంటే ఇది తప్పకుండా చెప్పండి.

రింగు_మేడమ్
ఉన్నారు, చెబుతాను. ఇప్పటికి నా బుర్రలో వరస ఇలా ఉంది: చెక్ డిజిట్, హామింగ్, ఫైనైట్ ఫీల్డ్, విజెనేర్, ఆర్‌ఎస్‌ఏ. కానీ రెండు ముక్కలు రెండు పేపర్లలాగే ఉన్నాయి. అతుకు ఎక్కడ?

సున్నా_ఒకటి
మెకలీస్ పద్ధతి, 1978. తప్పులు దిద్దే కోడ్‌తోనే రహస్యం దాచడం. ఇంతవరకూ అబద్ధం మనకి శత్రువు కదా, ఇక్కడ పంపేవాడే కావాలని అబద్ధాలు కలుపుతాడు. నా దగ్గర మంచి జనరేటర్ మాట్రిక్స్ (సందేశాన్ని కోడ్ పదంగా మార్చేది) ఉంది, దిద్దడం నాకు తేలిక. దానికి ఎడమవైపు ఒక ఇన్వర్టిబుల్ మాట్రిక్స్, కుడివైపు ఒక పర్మ్యుటేషన్ మాట్రిక్స్ గుణించి ఆనవాలు చెరిపేసి బయటపెడతాను. మీరు మీ సందేశాన్ని దాంతో గుణించి, దిద్దగలిగినన్ని తప్పులు కలిపి పంపుతారు. నాకు చీటీల అసలు వరస తెలుసు కాబట్టి విప్పుతాను. మిగతావాళ్ళకి అది ఏ ఆకారమూ లేని లీనియర్ కోడ్. అలాంటిదాన్ని డీకోడ్ చెయ్యడం సాధారణంగా ఎన్‌పీ-హార్డ్ (వేగంగా చేసే పద్ధతి ఏదీ తెలియని లెక్కల కోవ) అని అదే ఏడాది బెర్లెకాంప్, మెకలీస్, వాన్ టిల్బోర్గ్ చూపించారు. ఆ ఫలితం ఒక్కటే మెకలీస్ భద్రతకి రుజువు కాదు, మెకలీస్ వాడిన గోప్పా కోడ్ ఆనవాలు నిజంగా దాగిందా అన్నది వేరే ప్రశ్న. ఈ తేడా క్లాసులో నొక్కి చెప్పండి.

ఏడు చీటీల కోడ్‌తోనే బోర్డు మీద మొత్తం చేయించొచ్చు. మాట్రిక్స్ గుణకారం వస్తే చాలు.

కీలకం
ఇది పాతకాలపు ముచ్చటని కొట్టిపారెయ్యొద్దు. పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే పెద్ద సంఖ్యల్ని వేగంగా కారణాంకాలుగా విడగొట్టే షోర్ అల్గారిథమ్ ముందు ఆర్‌ఎస్‌ఏ నిలవదు, అది 1994 నుంచీ తెలుసు. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కొత్త ప్రమాణాలు ఖాయం చేసింది, కీ పంచుకోవడానికి లాటిస్ (గళ్ళలా క్రమంగా పేర్చిన బిందువులు) మీద ఆధారపడిన ఎంఎల్-కెమ్. 2025 మార్చిలో దానికి తోడుగా హెచ్‌క్యూసీని ఎంచుకుంది, అది కోడింగ్ థియరీదే, లోపల రీడ్–మల్లర్, రీడ్–సాలమన్ కోడ్‌లే ఉన్నాయి. మరి మెకలీస్ ఇన్నాళ్ళూ ఎందుకు వాడలేదంటే కీ సైజు. క్లాసిక్ మెకలీస్‌లో అన్నిటికంటే చిన్న పబ్లిక్ కీ 2,61,120 బైట్లు. ఎంఎల్-కెమ్-768ది 1,184.

గోదారిగట్టు
సరే, ఈ అతుకు కోసమైతే కోడింగ్ ముందు చెప్పు తల్లీ. విజెనేర్ మాత్రం రెండో వారంలో ఎక్కడో దూర్చు, లేకపోతే కుర్రాళ్ళు జారిపోతారు.

ఓరుగల్లు_గణితం
వరస మార్చే ముందు ఇంటర్నల్ పేపర్ ఎవరు సెట్ చేస్తరో చూసుకోండి మేడమ్. యూనివర్సిటీ నుంచి వస్తే మొదటి ఇంటర్నల్‌కు మొదటి రెండు యూనిట్లే అడుగుతరు, మీ పిల్లలు హామింగ్ రాసి ఇచ్చి వస్తరు.

రింగు_మేడమ్
ఇంటర్నల్ మాదే, అడిగి కనుక్కున్నాను. ఎండ్ సెమిస్టర్ మాత్రం యూనివర్సిటీది. డీఈఎస్ బొమ్మ ఒక క్లాసులో తేల్చేస్తాను, అడిగితే వేస్తారు. మొదటి ఇంటర్నల్ చీటీల మీద, మాడ్యులో 10 రుజువు మీద ఉంటుంది. సున్నా_ఒకటి గారూ, చీటీల ఫోటో ఒకటి పెట్టగలరా?

బ్యాక్‌లాగ్_బాబు
అచ్చుతప్పు అన్నా, కీ పొడవు 3 హోంవర్క్ నేను చేశా. 224 ఎప్పుడూ కీ మొదటి బైటు మీదే పడుతుంది. రెండో బైటు 176 లేదా 177, రెండు అవకాశాలు. మూడోది 128 నుంచి 191, 64 అవకాశాలు. మొత్తం 128 కీలు. అన్నీ వేసి చూస్తే తెలుగులా కనబడేది ఒకటో రెండో ఉంటాయి. కరెక్టేనా?

అచ్చుతప్పు
కరెక్టే తమ్ముడూ, కానీ అంత కష్టం అక్కర్లేదు. మాటల మధ్య ఖాళీ ఒక్క బైటే. ఒక ఖాళీ దాటాక 224 కీ రెండో బైటు మీదికి జరుగుతుంది, ఇంకో ఖాళీ దాటాక మూడోదాని మీదికి. మూడు మాటల వాక్యం చాలు.

బ్యాక్‌లాగ్_బాబు
ఖాళీలు తీసేసి పంపితే?

అచ్చుతప్పు
అప్పుడు నీ 128 కీలు వేసుకో, ఫోన్లోనే అయిపోతుంది.